గుత్తికొండ బిలంలోని సమపాది

పెరటిలో చాలాకాలంగా కదల్చని ఇటుకను ఎత్తి చూస్తే, దానిక్రింద తేమలో బూడిదరంగు పురుగులు కొన్ని కనిపించి చీకటిలోకి పారిపోతవి. వాటిలో కొన్ని రకాలు తాకగానే ఉండలాగా చుట్టుకుంటవి. వాడుకలో పురుగులని అంటున్నాము గాని, ఏడు జతల కాళ్లు గల ఈ ప్రాణులు కీటకాలు కావు. రొయ్యలకు, పీతలకు చుట్టాలు. కాళ్లన్నీ ఇంచుమించు ఒకే తీరున ఉండటంవల్ల శాస్త్రజ్ఞులు వీటి వర్గానికి ఐసోపోడా, అనగా సమపాదులు, అని పేరు పెట్టినారు. సమపాదులలో సముద్రంలో బ్రతికేవి, మంచినీటిలో బ్రతికేవి, నేలమీద బ్రతికేవి కలవు. మంచినీటి సమపాది ఒకటి పల్నాటి గుహలో దొరికినది. దాని చుట్టరికం తెలియటానికి శాస్త్రానికి నూరేళ్లకు పైగా పట్టినది.

బావిలో మొదలైన కథ

1883లో న్యూజీలండులోని కాంటర్‌బరీ మైదానంలో ఒక బావినుండి వచ్చిన వింతప్రాణిని చార్లెస్ చిల్టన్ వర్ణించి, దానికి ఫ్రియాటాయికస్ అని పేరు పెట్టినాడు. బావియే ఇల్లుగా గలది అని ఆ గ్రీకు పేరుకు అర్థం. పెరటి సమపాది పైనుండి అణచినట్లు బల్లపరుపుగా ఉంటుంది. దీని దేహమో, రొయ్యలాగా ప్రక్కల నుండి నొక్కినట్లున్నది. తరువాత ఆస్ట్రేలియాలోను, దక్షిణాఫ్రికాలోను దీని బంధువులు బయటపడినవి.

1902లో ఓ.ఎ. సేస్, కొండలతో నిండిన టాస్మేనియా ద్వీపం నుండి మరొక కొత్తజాతిని వర్ణించినాడు. రొయ్యను పోలిన క్రేఫిష్ అనే ప్రాణి నేలలో త్రవ్వుకున్న బొరియలలో ఇది కాపురముంటుంది. అందుచేతనే దానికి హిప్సిమెటోపస్ ఇంట్రూసర్ అని పేరు వచ్చినది. ఇంట్రూసర్ అనగా పిలవని చోట చొరబడినవాడు. 1943-44లో జి.ఇ. నికల్స్ ఈ శాఖ అంతటినిగూర్చి విపులమైన గ్రంథం ప్రకటించినాడు. అప్పటికి తెలిసిన జాతులన్నీ భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నవే.

1950లో ఈ లెక్క తప్పినది. చోప్రా, తివారి అనే భారతీయ శాస్త్రజ్ఞులు కాశీలోని బావులనుండి ఇదే శాఖకు చెందిన జాతిని వర్ణించినారు. నికల్స్ గౌరవార్థం దాని ప్రజాతికి నికల్సియా అని పేరు పెట్టినారు.

పల్నాటి గుహ

పల్నాటి యుద్ధం ముగిసిన తరువాత బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలో ప్రవేశించినాడని ప్రతీతి. ఆ గుహలోని నీటిలో కళ్లు లేని, రంగు లేని సమపాది ఉన్నదని 2011లో లోకానికి తెలిసినది. నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి, సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియంకు చెందిన జార్జి విల్సన్ కలిసి దానిని ఆంధ్రకాయిడిస్ షాబుద్దీన్ అని వర్ణించినారు. ప్రజాతి పేరులో ఆంధ్రదేశం ఉన్నది; జాతి పేరు పరిశోధకుడు షేక్ షాబుద్దీన్‌ది. తరువాత బెలుం గుహలనుండి ఇదే ప్రజాతికి చెందిన మరొక జాతి కూడ వర్ణింపబడినది.

కొత్తజాతిని వర్ణించటమంటే పేరు పెట్టటం మాత్రమే కాదు. సూక్ష్మదర్శిని క్రింద స్పర్శశృంగాలను, దవడలను, ఒక్కొక్క కాలిని విడదీసి బొమ్మలు గీయాలి. ప్రమాణంగా ఎన్నుకున్న నమూనాను మ్యూజియంలో భద్రపరచాలి. ఆపైన అంతకు ముందు వర్ణించిన ప్రతి బంధువుతోను పోల్చాలి. అలా పోల్చినప్పుడు గుత్తికొండ ప్రాణి, కాశీ ప్రాణి, టాస్మేనియా ప్రాణి ఒకే కుటుంబానికి చెందినవని తేలినది.

సముద్రం ఎలా దాటినది?

ఈ శాఖలోని ప్రాణులు నేడు మంచినీటిలోనే బ్రతుకుతున్నవి. తల్లి తన గ్రుడ్లను పొట్ట క్రింది సంచిలో మోస్తుంది. ఇతర జలప్రాణుల పిల్లలలాగా వీటి పిల్లలు అలలపై కొట్టుకొనిపోవు. కాబట్టి వేలమైళ్ల ఉప్పునీటిని ఇవి దాటలేవు. దాటింది ప్రాణి కాదు, నేలయే. ఒకప్పుడు భారతదేశం, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఒకే మహాఖండంగా ఉండేవి. గోండుల సీమ పేరుమీద దానిని గోండ్వానా అంటారు. సింగరేణి బొగ్గు పొరలు ఆ కాలపు శిలలలోనివే. సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం భారతదేశం ఆస్ట్రేలియా, అంటార్కిటికాల నుండి విడివడినది. నారాయణఖేడ్ దగ్గరి నాగల్‌గిద్ద ప్రాంతంలో నేలక్రింద ఉన్న నల్లరాయి సుమారు 6.6 కోట్ల సంవత్సరాలనాటి లావా. ఆ లావా పారేనాటికే ఈ కుటుంబం భారతదేశంలో కాపురమున్నదని దీనివల్ల గ్రహించవచ్చు.

ఇంత కాలం నిలిచిన ప్రాణికి నీరే ఆధారం. గొట్టపుబావులు లోతుకు పోయినకొద్దీ, రసాయనాలు నేలలోకి ఇంకినకొద్దీ, భూగర్భజలంలోని ప్రాణులకు చోటు తగ్గిపోతుంది. ఒకే గుహలో, ఒకే నీటిపొరలో బ్రతికే జాతి అక్కడ నశిస్తే మరెక్కడనుండి తిరిగిరాదు. పేరు పెట్టకముందే నశించిన జాతికైతే చరిత్రలో జాడ కూడ ఉండదు. 1902లో సేస్ వ్రాసిపెట్టిన వర్ణన శతాబ్దం గడిచిన తరువాత పల్నాటి ప్రాణికి చుట్టాన్ని చూపినది. నేడు మన గుహలనుండి, బావులనుండి వ్రాసిపెట్టే వర్ణనలు కూడ ముందుతరాల వారికి అలాగే అక్కరకు వస్తవి.