పగిలిన పింగాణీకి కుట్లు

టోక్యో జాతీయ మ్యూజియంలో ఒక టీ గిన్నె ఉంది. లేత ఆకుపచ్చలో కాస్త నీలం కలిసిన రంగు, పూరేకుల ఆకారంలో నొక్కులు పడ్డ అంచు. చైనాలోని లాంగ్‌చువాన్ బట్టీల్లో 13వ శతాబ్దంలో కాలిన సెలడన్ గిన్నె అది. దాని అడుగు దగ్గర పగులు ఉంది. ఆ పగులుకు అడ్డంగా, స్టేప్లర్ పిన్నులు కాగితాన్ని పట్టుకున్నట్టు, ఇనుప కుట్లు పట్టుకుని ఉన్నాయి. జపాన్ వాళ్ల కంటికి అవి గిన్నెమీద వాలిన మిడతల్లా కనిపించాయట. అందుకే దానికి ‘బకోహన్’ అని పేరు పెట్టారు, మిడత కుట్ల గిన్నె అని. ఆ దేశం దాన్ని ముఖ్యమైన సాంస్కృతిక సంపదల జాబితాలో చేర్చి కాపాడుకుంటోంది.

ఈ గిన్నె కథను 1727లో ఇతో తోగాయ్ అనే పండితుడు రాసిపెట్టాడు. 15వ శతాబ్దంలో జపాన్ సైనిక పాలకుడు, అంటే షోగన్, అయిన అషికాగా యోషిమాసా చేతికి వచ్చిన గిన్నె పగిలింది. ఇలాంటిదే ఇంకొకటి కావాలని దాన్ని చైనాకు పంపారు. అప్పటికి అక్కడ మింగ్ చక్రవర్తుల కాలం, అంత చక్కటి గిన్నె దొరకలేదు. దాంతో పాతదానికే కుట్లు వేసి తిప్పి పంపారు. తోగాయ్ ఇంకా వెనక్కి వెళ్లి మరో సంగతి కూడా చెప్పాడు. 12వ శతాబ్దంలో తైరా నో షిగెమోరి అనే ప్రభువు చైనాలోని ఒక బౌద్ధారామానికి బంగారం కానుకగా పంపితే, అక్కడి గురువు బదులుగా ఇచ్చిన గిన్నె ఇదేనట. ఆ ఆరామం ఉన్న కొండకు అశోకరాజు కొండ అని పేరు, మన మౌర్య అశోకుడి పేరే. వినడానికి ముచ్చటగా ఉన్నా కాలం కుదరదు. షిగెమోరి 1179లోనే చనిపోయాడు, గిన్నె పనితనమేమో తర్వాతి శతాబ్దానిది.

యోషిమాసా కథకు మాత్రం తర్వాత ఒక తోక మొలిచింది. ఇనుప కుట్లు చూసి షోగన్ మనసు చివుక్కుమందట. ఇంతకంటే అందమైన దారి వెతకమంటే జపాన్ పనివాళ్లు పగుళ్లలో బంగారం నింపారట, అలా కింత్సుగి పుట్టిందట. ఇప్పుడు ఏ వ్యాసంలో చూసినా ఇదే కథ. నాకిది మింగుడుపడదు. కుట్లు అంత అసహ్యంగా తోచి ఉంటే వాటిని పీకించి బంగారం పూయించడం షోగన్‌కు ఒక లెక్కా? కుట్లు నేటికీ ఉన్నాయి. పైగా గిన్నెకు పేరు వచ్చిందే వాటివల్ల. బంగారు అతుకును మెచ్చుకోవడానికి ఇనుప అతుకును చిన్నబుచ్చనక్కర్లేదు. లోకంలో మామూలు ఇళ్ల గిన్నెలను శతాబ్దాల తరబడి వాడుకలో నిలబెట్టింది కుట్టుపనే. దాని చరిత్ర తెలుసుకోకుండా కింత్సుగి గురించి మాట్లాడుకోవడం సగం మాటే అవుతుంది.

మొదలు చాలా వెనక ఉంది. కొత్తరాతియుగపు కుండపెంకుల్లో పగులుకు అటొకటి ఇటొకటి జంట బెజ్జాలు కనిపిస్తాయి. కుండ పగలడం మొదలవగానే బెజ్జాలు వేసి, తాడో తోలుపట్టీయో దూర్చి బిగించేవారు. యూరప్‌లో బర్చ్ చెట్టు బెరడును కాచి తీసిన బంకతో, పశ్చిమాసియాలో నేలలోంచి ఊరే తారుతో పెంకులు అతికించేవారు. అలా కట్టిన కుండలో నీళ్లు నిలవకపోయినా గింజలు నిలుస్తాయి. ఇటలీలోని ఎత్రుస్కన్ల సమాధుల్లో కంచు కుట్లు వేసిన గ్రీకు పాత్రలు దొరికాయి. రోమన్లు తమ ఎర్రటి భోజన పాత్రలను సీసపు కుట్లతో బాగుచేసుకున్నారు. దూరదేశం నుంచి వచ్చిన పాత్ర ఎంత ప్రియమో ఆ కుట్లే చెబుతాయి.

మెత్తటి మట్టికి ఇనుప మొన చాలు. చిక్కు పింగాణీతో వచ్చింది. దాదాపు 1300 డిగ్రీల వేడిలో కాలి, గాజులా బిగుసుకున్న ఒంటిమీద ఇనుము జారిపోతుంది. దాన్ని తొలచాలంటే వజ్రం కావాలి. వజ్రపు మొన లేనివాడు పింగాణీ పని ఒప్పుకోకూడదని చైనాలో సామెతే ఉంది. చేతకాని పని నెత్తికెత్తుకునేవాళ్లకు అక్కడ ఈనాటికీ ఆ సామెతే వినిపిస్తారు. 1720లలో బ్రెజిల్ గనులు బయటపడేదాకా లోకానికి వజ్రాలు ప్రధానంగా భారతదేశం నుంచే వెళ్లాయి. కృష్ణా తీరాన కొల్లూరు లాంటి గోల్కొండ గనులు అందులో పేరుమోసినవి. బరమా మొనకు రాజుల కిరీటంలో పొదిగే రాయి అక్కర్లేదు. నగకు పనికిరాని నూకవజ్రం చాలు.

ఈ పని జరిగే తీరు గమనించదగ్గది. ముందు ముక్కలను కడిగి, ఒకదానికొకటి సరిగ్గా అమర్చి, దారంతో బిగించి కట్టేస్తారు. పగులుకు రెండువైపులా బెజ్జాల చోట్లు గుర్తుపెట్టి, విల్లు బరమాను ముందుకూ వెనక్కూ లాగుతూ, మధ్యమధ్య తడి చేస్తూ తొలుస్తారు. బెజ్జం అవతలికి దిగకూడదు, గోడ మందంలో సగానికి కాస్త అటూ ఇటూగా ఆగిపోవాలి. ఒక గుండుసూది మందం ఎక్కువైతే ఉన్న పగులుకు తోడు కొత్త పగులు వస్తుంది. కొలిచే సాధనమేదీ లేదు. చప్పుడును బట్టి, వేలికి తగిలే అదురును బట్టి పనివాడు లోతు తెలుసుకుంటాడు. తర్వాత ఇత్తడినో ఇనుమునో సాగగొట్టి రెండు కాళ్ల కుట్టు తయారుచేస్తాడు. ఆ కాళ్ల మధ్య దూరం బెజ్జాల మధ్య దూరం కంటే వెంట్రుకవాసి తక్కువగా ఉండాలి. కీలకమంతా ఇందులోనే ఉంది. కుట్టును కొద్దిగా సాగదీసి బెజ్జాల్లో దించగానే అది తన పాత కొలతకు రావాలని లాగుతుంది. ఆ లాగుడుకే ముక్కలు రెండూ కరుచుకుంటాయి. జిగురు లేకుండానే గిన్నె నిలబడుతుంది. కుట్ల చుట్టూ మిగిలిన సందుల్లో సున్నమో పింగాణీ పొడో కలిపిన ముద్ద మెత్తుతారు. కుట్లు బయటివైపే ఉంటాయి కాబట్టి లోపలినుంచి చూస్తే సన్నటి గీత తప్ప ఏమీ కనిపించదు.

17వ శతాబ్దం మొదట్లో అచ్చయిన మత్తేయో రిచ్చి చైనా వృత్తాంతంలో ఈ పనిమీద ఒక మాట ఉంది. ఇత్తడి తీగతో కుట్టిన పింగాణీ చుక్క కూడా కారకుండా పానీయాన్ని నిలుపుతుందని ఆ ఇటలీ మతగురువు అబ్బురపడ్డాడు. అక్కడి పనివాళ్లు కావడి భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవారు. జాంగ్ యిమౌ 1999లో తీసిన ‘ది రోడ్ హోమ్’ సినిమాలో అలాంటి ముసలాయన ఒకరు కనిపిస్తారు. పల్లెటూరి అమ్మాయి తాను ఇష్టపడ్డ మాస్టారికి వండి తీసుకెళ్లిన గిన్నె పగిలిపోతుంది. ఆ ముక్కలను తల్లి దాచి, కుట్లు వేయిస్తుంది. కొత్త గిన్నె కొంటే తక్కువలో పోతుందని తెలిసీ వేయిస్తుంది. ముసలాయన చేతులు పనిచేస్తున్నంతసేపూ కెమెరా ఓపిగ్గా అక్కడే ఉంటుంది. ఈ వృత్తి మీద నాకు తెలిసినంతలో అంతకంటే ప్రేమగా తీసిన సన్నివేశం లేదు.

మన వీధుల్లో ఇత్తడి బిందెలకు మాట్లు వేసేవాళ్లు, కళాయి పూసేవాళ్లు కేకలు పెట్టుకుంటూ తిరిగేవారు. నెర్రె విచ్చిన ఆవకాయ జాడీకి మాత్రం ఇల్లాలే దారి చూసేది. ఊరగాయ మాని ఉప్పుకో చింతపండుకో దాన్ని వాడుకునేది.

యూరప్‌లో 18వ శతాబ్దం నుంచి చైనా పింగాణీ ఇళ్లలో పెరిగేకొద్దీ కుట్టేవాళ్లూ పెరిగారు. ఆ శతాబ్దం చివర ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో కూంబ్స్ అనే ఆయన ఇంకో దారి పట్టాడు. పగులులో గాజుపొడి ముద్ద నింపి, గిన్నెను మళ్లీ కొలిమిలో పెట్టి అతికేవాడు. పాత్ర అడుగున తన పేరు రాసుకునేవాడు కూడా. విచిత్రమేమిటంటే, దాదాపు అదే కాలంలో జపాన్‌లోని ఎదో (నేటి టోక్యో) నగర వీధుల్లో సంచార పనివాళ్లు సీసం కలిసిన గాజుపొడితో అచ్చం ఇదే పని చేశారు. చవగ్గా, చప్పున ముగిసే పని కావడంతో మామూలు ఇళ్లకు కింత్సుగి కంటే ఇదే అందుబాటులో ఉండేది.

జిగుళ్ల సంగతికి వస్తే, ఎముకల బంక తడి తగిలితే వదిలేసేది. 19వ శతాబ్దంలో మ్యూజియంల బల్లలమీదికి లక్క వచ్చింది. మన అడవుల్లో కొమ్మలమీద పురుగు పెట్టే లక్కే అది. ఏటికొప్పాక బొమ్మకు రంగునూ హైదరాబాద్ లాడ్ బజార్ గాజుకు మెరుపునూ ఇచ్చే ఈ సరుకు, యూరప్‌లో సారాయిలో కరిగి పురాతన పాత్రల పెంకులను అతికింది. అయితే ఏళ్లు గడిచేకొద్దీ లక్క ముదురు గోధుమరంగుకు తిరిగి, మొదట కరిగిన ద్రవంలోనే కరగనని మొండికేస్తుంది. పాత అతుకులు విప్పేవాళ్లకు దాని మరకలు ఇప్పటికీ తలనొప్పే.

కుట్టుపనిని చివరికి దెబ్బతీసింది ఎపాక్సీ జిగురు. 1946లో స్విట్జర్లాండ్ నుంచి ఆరల్డైట్ బయటికొచ్చింది. రెండు గొట్టాల్లోంచి చెరి కాస్త పిండి కలిపితే చాలు, బరమా అక్కర్లేదు, వజ్రం అక్కర్లేదు, ఇరవై ఏళ్ల సాధన అసలే అక్కర్లేదు. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాల్లో యూరప్‌లో కుట్టేవాళ్లు దాదాపు కనుమరుగయ్యారు. ఎపాక్సీ గట్టిదే, కానీ కాలంతోపాటు పసుపురంగుకు తిరుగుతుంది, విప్పాలంటే తేలిగ్గా లొంగదు.

కింత్సుగిలో వాడేది ఉరుషి అనే చెట్టుపాలు. మామిడి, జీడిమామిడి కుటుంబపు చెట్టే అది. మామిడి సొన తగిలి మూతి పొక్కినవాళ్లకు పచ్చి ఉరుషి చేతులకు ఏం చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. గోధుమపిండితో కలిపి ముక్కలు అతికి, మట్టిపొడితో కలిపి నెర్రెలు పూడ్చి, నున్నగా అరగదీసి, పైన సన్నగా పూసిన ఉరుషి తడిగా ఉండగానే బంగారు పొడి చల్లుతారు. ఇది ఎండకు ఆరే సరుకు కాదు. గట్టిపడాలంటే తేమ కావాలి, అందుకే తడిగాలి నిలిచే చెక్కపెట్టెలో రోజుల తరబడి ఉంచుతారు. పని పూర్తవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. జపాన్ కళాకారుడు హొనామి కోయెత్సు చేసిన ‘సెప్పో’ అనే ఎర్రటి గిన్నెలో పెద్ద పగుళ్లు ఇలాగే బంగారంతో నిండి ఉంటాయి. మంచు కప్పిన శిఖరమని దాని పేరు. టీ గోష్ఠుల్లో ఆ పగుళ్లను కూడా గిన్నె అందంగానే చూశారు.

మ్యూజియంల లెక్క వేరు. ఫ్లోరెన్స్‌లో 1900 సెప్టెంబర్‌లో ఒక కాపలాదారు కోపంలో స్టూలు విసిరితే, 2400 ఏళ్లు దాటిన ‘ఫ్రాంస్వా’ గ్రీకు కూజా 638 ముక్కలైంది. పియెత్రో జెయ్ అనే ఆయన కూర్చుని 1902కల్లా దాన్ని నిలబెట్టాడు. 1973లో దానికి మళ్లీ మరమ్మతు చేసి, అప్పట్లో చేరని ముక్కను కూడా చేర్చారు. 2006 జనవరిలో కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఒక సందర్శకుడు మెట్లమీద తూలిపడగా చింగ్ వంశకాలపు పెద్ద కూజాలు మూడు చూర్ణమయ్యాయి. వాటినీ అతికి, ఈసారి అద్దాల వెనక పెట్టారు.

మ్యూజియంల మరమ్మతు నిపుణులు మొదట అడిగే ప్రశ్న ఎంత గట్టిగా అతుకుతుందని కాదు, రేపు ఎవరైనా విప్పాలంటే విడుతుందా అని. పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెసిన్‌కు 1980ల నుంచి ఇంత ఆదరణ అందుకే. అది సులభంగా పసుపెక్కదు, అసిటోన్ తగిలితే కరిగిపోతుంది. కాకపోతే వేడికి మెత్తబడుతుంది, వేడి టీ పోసుకునే కప్పుకు పనికిరాదు.

గత శతాబ్దంలో మరమ్మతుకు వచ్చిన పాత పింగాణీలోంచి కుట్లను పీకేయడం మామూలు పని. దానికి కారణాలున్నాయి. ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే బెజ్జం పగులుతుంది, మరక లోపలికి ఇంకుతుంది. ఇప్పుడు చాలామంది ఆగి ఆలోచిస్తున్నారు. కుట్టు గట్టిగా ఉండి, హాని చేయనప్పుడు దాన్ని పాత్ర చరిత్రలో భాగంగా అలాగే వదిలేస్తున్నారు. చైనాలో కొత్తతరం పనివాళ్లు కుట్లను ఆకుల్లా, పూలలా మలిచి టీ కూజాలకు వేస్తున్నారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో సెలడన్ పళ్లాల ముందు నిలబడితే, విషం కలిపిన తిండి పడితే ఇవి పసిగడతాయని పూర్వం నమ్మేవారన్న కథ తప్పక వినిపిస్తుంది. పాత్రలను బాగుచేసిన చేతుల సంగతి ఎక్కడా వినిపించదు. ఏ మ్యూజియమైనా పాత అతుకున్న ప్రతి పాత్ర దగ్గరా ఆ అతుకు ఏ కాలపుదో, ఏ లోహంతో వేశారో ఒక వాక్యం రాసిపెట్టాలి, వీలైతే పాత్ర వెనకవైపు కనిపించేలా ఒక అద్దం కూడా అమర్చాలి.