రంగు చీటీ నుండి రహస్య బ్యాలెట్ దాకా

వోటు రహస్యంగా వేయడమన్నది ప్రజాస్వామ్యంతో పాటే పుట్టిందని మనలో చాలామంది అనుకుంటాం. కానీ స్వతంత్ర దేశమై నూరేళ్ళు గడిచినా అమెరికాలో వోటు బహిరంగ వ్యవహారంగానే ఉండేది. ప్రభుత్వం బ్యాలెట్లు ముద్రించేది కాదు. పార్టీలే తమ అభ్యర్థుల పేర్లతో చీటీలు అచ్చువేయించి పంచేవి. చీటీ రంగునూ పరిమాణాన్నీ బట్టి ఎవరు ఎటు వేశారో పెట్టె దగ్గర నిలబడ్డవారికి ఇట్టే తెలిసిపోయేది. వోటు కొన్నవాడు తన సొమ్ముకు సరుకు ముట్టిందో లేదో కళ్ళారా చూసుకునేవాడు. యజమాని కళ్ళెదుట అతనికి గిట్టని చీటీ వేయడానికి కూలివాడికి ఎంత గుండె ధైర్యం కావాలి!

దీనికి విరుగుడు ఆస్ట్రేలియా నుండి వచ్చింది. 1856లో అక్కడి విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియాలు ప్రభుత్వమే ముద్రించే రహస్య బ్యాలెట్‌ను ప్రవేశపెట్టాయి. 1888లో కెంటకీలోని లూయీవిల్ నగరం, మసాచుసెట్స్ రాష్ట్రం ఆ పద్ధతికి చట్టరూపమిచ్చాయి. 1896 నాటికి అది దేశంలో అధికభాగానికి వ్యాపించింది.

ఇంతవరకూ సంస్కర్తల విజయగాథ. అయితే ఈ నాణేనికి బొరుసు కూడా ఉంది. చదువురానివాడు పార్టీ చీటీని రంగు చూసి గుర్తుపట్టి వేయగలిగేవాడు. అన్ని పేర్లూ ఒకే కాగితం మీదికి వచ్చేసరికి అతని చేతులు కట్టేసినట్లయింది. బానిసలకు చదువు నేర్పడాన్ని ఒకనాడు చట్టవిరుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాలలో ఆ దెబ్బ ఎవరికి తగిలిందో వేరే చెప్పనక్కరలేదు. దానికి వోటు పన్ను, అక్షరాస్యత పరీక్ష తోడయ్యాయి. నల్లజాతివారు ఆ సంకెళ్ళు తెంచుకోవడానికి 1965 నాటి వోటు హక్కు చట్టం దాకా పోరాడవలసి వచ్చింది.

వోటర్ల ధోరణి కూడా మారింది. 1896 అధ్యక్ష ఎన్నికలో అర్హులలో సుమారు 79 శాతం వోటు వేస్తే, 1920లో సగం మంది కూడా వేయలేదు. నెపమంతా బ్యాలెట్ మీదికి నెట్టలేం. ముందుగా పేరు నమోదు చేసుకోవాలన్న నిబంధన, దక్షిణాదిలో ఏకపార్టీ పాలన, 1920లో కొత్తగా దేశమంతటా హక్కు పొందిన స్త్రీలలో ఎందరో ఇంకా వోటుకు అలవాటుపడకపోవడం, ఇవన్నీ కలిశాయి. ఊరేగింపులతో, కాగడాలతో ఊరంతా కలిసి చేసుకున్న సంబరం మాత్రం తెరచాటున ఒంటరిగా నిర్వర్తించే విధిగా మారింది.

మన దేశంలో 1951-52 ఎన్నికలలో అభ్యర్థికొక పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించారు. రహస్యమూ దక్కింది, నిరక్షరాస్యుడికి వోటూ దక్కింది. సంస్కరణ మంచిదా కాదా అని అడిగేముందు, అది ఎవరిని గడప బయట నిలబెడుతోందో చూడాలేమో. మీరేమంటారు?