చర్చి సంస్థలలో ఉద్యోగ భద్రత (భారతదేశం)

చర్చి సంస్థలలో ఉద్యోగ భద్రత అనేది క్రైస్తవ సంఘాలు నడిపే పాఠశాలలు, కళాశాలలు, ఆసుపత్రులలో పనిచేసేవారిని అన్యాయమైన తొలగింపు నుండి కాపాడే చట్టాలకు, న్యాయస్థానాల తీర్పులకు సంబంధించిన విషయం. భారత రాజ్యాంగంలోని 30(1)వ అధికరణ మత, భాషా అల్పసంఖ్యాక వర్గాలకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి, నిర్వహించుకునే హక్కును ఇచ్చింది. ఉద్యోగిని తొలగించే అధికారం ఈ హక్కులో ఎంతవరకు భాగం అన్నదే ప్రధాన వివాదం. ఉద్యోగి కూడా తరచు అదే మతానికి చెందినవాడు కావడం వలన, ఒక వర్గానికి రక్షణగా ఏర్పడిన హక్కు ఆ వర్గంలోని వ్యక్తికే అడ్డుగా నిలిచే సందర్భాలు ఉన్నాయి.

నేపథ్యం

1957 నాటి కేరళ విద్యా బిల్లు ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులను ప్రభుత్వ అనుమతి లేకుండా తొలగించరాదని నిర్దేశించింది. ఆ పాఠశాలలలో అనేకం చర్చి యాజమాన్యంలో ఉండేవి. నిర్వహణ హక్కులో దుర్నిర్వహణ హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1958లో పేర్కొని, ఈ నిబంధనను అనుమతించింది. అయితే 1974లో అహ్మదాబాదులోని సెయింట్ జేవియర్స్ కళాశాల కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఇందుకు భిన్నమైన వైఖరి తీసుకుంది. తొలగింపుకు ఉపకులపతి ఆమోదం తప్పనిసరి చేసిన గుజరాత్ చట్టం మైనారిటీ కళాశాలలకు వర్తించదని మెజారిటీ తీర్పు చెప్పింది.

ఆంధ్రప్రదేశ్ కేసు

ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు విద్యాసంస్థల నియంత్రణ చట్టం (1975) 3వ సెక్షను ప్రకారం ఉపాధ్యాయుని తొలగించడానికి అధికారి ముందస్తు అనుమతి అవసరమయ్యేది. హైదరాబాదులోని ఆల్ సెయింట్స్ ఉన్నత పాఠశాల, మరికొన్ని మైనారిటీ సంస్థలు ఈ చట్టాన్ని సవాలు చేశాయి. 1980లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ద్వారా ఈ ముందస్తు అనుమతి నిబంధన మైనారిటీ సంస్థలకు వర్తించదని నిర్ణయించింది. యాజమాన్యం నిర్ణయాన్ని కాదని అధికారి తన అభిప్రాయాన్ని రుద్దే అవకాశం ఉండటం ఇందుకు కారణం.

1986లో ఫ్రాంక్ ఆంథోనీ పబ్లిక్ స్కూల్ కేసులో తెలుగువాడైన జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి ఉద్యోగుల పక్షాన ముఖ్యమైన తీర్పు వెలువరించాడు. అది చర్చి పాఠశాల కాకపోయినా, తీర్పులోని సూత్రం మైనారిటీ పాఠశాలలకు సంబంధించినది. తొలగింపుకు ముందస్తు అనుమతి మినహా, ఢిల్లీ చట్టంలోని సమాన వేతనం, ట్రిబ్యునల్‌కు అప్పీలు వంటి రక్షణలు అన్‌ఎయిడెడ్ మైనారిటీ పాఠశాలలకూ వర్తిస్తాయని ఆ తీర్పు సారాంశం.

ఆసుపత్రి ఉద్యోగులు, ఉపాధ్యాయులు

వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఉద్యోగుల సంఘం కేసులో 1987లో సుప్రీంకోర్టు పారిశ్రామిక వివాదాల చట్టం (1947) మైనారిటీ సంస్థలకూ వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. కార్మిక న్యాయస్థానం విచారణ వలన 30వ అధికరణకు భంగం కలగదని స్పష్టం చేసింది.

ఉపాధ్యాయులకు మాత్రం ఈ మార్గం దొరకలేదు. గోవాలో ఫ్రాన్సిస్కన్ సన్యాసినుల సంఘం నడిపే పాఠశాలలో తొలగింపుకు గురైన ఒక ఉపాధ్యాయిని కేసులో, ఉపాధ్యాయులు ఆ చట్టం నిర్వచించిన "కార్మికులు" కారని 1988లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఫలితంగా మిషన్ ఆసుపత్రి కార్మికుడు కార్మిక న్యాయస్థానాన్ని ఆశ్రయించగలిగినా, మిషన్ పాఠశాల ఉపాధ్యాయునికి ఆ అవకాశం లేకపోయింది. 1947 చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది.

తరువాతి తీర్పులు

2002లో టి.ఎం.ఏ.పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం, తొలగింపుకు ముందు యాజమాన్యం విచారణ జరపాలని, ఉద్యోగుల ఫిర్యాదులకు జిల్లా జడ్జి స్థాయి అధికారితో ట్రిబ్యునళ్ళు ఉండాలని సూచించింది. 2022లో సెయింట్ మేరీస్ ఎడ్యుకేషన్ సొసైటీ కేసులో, ఉద్యోగ నిబంధనలు చట్టం ద్వారా ఏర్పడనప్పుడు అన్‌ఎయిడెడ్ మైనారిటీ పాఠశాల ఉద్యోగి 226వ అధికరణ కింద రిట్ పిటిషన్ వేయజాలడని సుప్రీంకోర్టు తేల్చింది. అందువలన ఇటువంటి ఉద్యోగికి రాష్ట్ర చట్టం, ట్రిబ్యునల్ ఉన్నాయా లేదా అన్నది కీలకమవుతుంది.

ఇవి కూడా చూడండి

- భారత రాజ్యాంగం - ప్రాథమిక హక్కులు
- భారత సుప్రీంకోర్టు