హవాయి మూలవాసులు, లూసియానా కేజన్లు: ఒకే రకం అవమానం, వేర్వేరు మెట్లు

సొంత భాష మాట్లాడినందుకు బడిలో దెబ్బలు తిన్న పిల్లలు అమెరికాలో చాలా సమాజాల్లో ఉన్నారు. పసిఫిక్ సముద్రం మధ్యనున్న హవాయి దీవుల మూలవాసుల పిల్లలు, దక్షిణ లూసియానా చిత్తడి నేలల్లోని కేజన్ల పిల్లలు వారిలో ఉన్నారు. రెండు సమాజాలకూ నిర్వాసిత చరిత్ర ఉంది. రెండింటి పాటలు, వంటలు, పండుగలు ఈరోజు టూరిజానికి సరుకులయ్యాయి. ఇంత పోలిక ఉంది కాబట్టి రెండింటినీ ఒకే గాటన కట్టి "అణగారిన సంస్కృతులు" అనేయడం సులువు.

పోల్చి చూడటం మన ఉద్యమానికి కొత్త కాదు. 1946లో అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డూబోయిస్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లజాతివారు సమర్పిస్తున్న విజ్ఞాపన ప్రతి కావాలని అడిగారు. అంటరానివారి స్థితికీ నల్లవారి స్థితికీ పోలిక ఉందని ఆయనకు తెలుసు. అయితే పోలిక పనికొచ్చేది తేడాలు కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే. అంబేడ్కరే చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత ఇక్కడ మనకు కొలబద్ద. అవమానపడ్డవాళ్లంతా ఒకే మెట్టు మీద ఉండరు. తన కింద ఇంకో మెట్టు ఉన్నవాడి దారి వేరుగా ఉంటుంది. భూమి, శ్రమ, భాష, చట్టం అనే నాలుగు విషయాల్లో ఈ రెండు సమాజాలు ఎక్కడ నిలిచాయో చూద్దాం.

ఎవరు వీళ్లు?

హవాయి మూలవాసులు తమను కానాకా మావోలి అని పిలుచుకుంటారు. 1778లో బ్రిటిష్ నావికుడు జేమ్స్ కుక్ వచ్చేనాటికి దీవుల జనాభా ఎంతన్నదానిపై పరిశోధకుల అంచనాలు 3 లక్షల నుంచి 8 లక్షల దాకా ఉన్నాయి. బయటి నుంచి వచ్చిన రోగాలకు ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయి 1890ల నాటికి మిగిలింది సుమారు 40 వేల మంది.

ఆ పాత హవాయి సమాజాన్ని స్వర్గంలా చూపించడం మాకు ఇష్టం లేదు. అక్కడ అలీయి అనే దొరలు, మకాఐనానా అనే సామాన్య సాగుదారులు, వీరందరికీ కింద కౌవా అనే వెలివేసిన వర్గం ఉండేవి. కౌవాలు విడిగా బతకాలి, ఇతరులతో కలవకూడదు, ఆ స్థితి పుట్టుకతో వస్తుంది. కాపు అనే నిషేధాల కింద ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి తినకూడదు. 1819లో రాజు లిహోలిహో, రాణి కాఅహుమాను కలిసి బహిరంగంగా సహపంక్తి భోజనం చేసి ఆ నిషేధ వ్యవస్థను రద్దు చేశారు. మిషనరీలు అడుగుపెట్టింది ఆ తర్వాతి ఏడాది. సంస్కరణంతా తెల్లవాళ్లే తెచ్చారనే కథ అబద్ధమని దీన్నిబట్టి తెలుస్తుంది.

కేజన్ల మూలం ఫ్రాన్స్. పదిహేడో శతాబ్దంలో వారి పూర్వీకులు ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతానికి వలస వెళ్లారు. ఆ ప్రాంతం పేరు అకాడియా. అక్కడి మూలవాసులు మిక్‌మాక్ ప్రజలు. 1713లో ఆ నేల బ్రిటన్ చేతికి వచ్చింది. షరతులు లేని విధేయతా ప్రమాణం చేయబోమన్నందుకు 1755 నుంచి బ్రిటిష్ సైన్యం వారిని ఓడలెక్కించి వెళ్లగొట్టింది. పదివేల మందికి పైగా నిర్వాసితులయ్యారు. రోగాలతో, ఓడ ప్రమాదాల్లో వేలమంది చనిపోయారు. 1765 ప్రాంతంలో ఒక గుంపు లూసియానా చేరింది. 1785లో ఫ్రాన్స్ నుంచి ఏడు ఓడల్లో ఇంకో 1,600 మంది వచ్చారు. "అకాడియన్" అనే మాటే నలిగి "కేజన్" అయింది.

భూమి

భూమి దగ్గరే రెండు దారులు పూర్తిగా విడిపోతాయి.

హవాయిలో 1848 వరకు భూమికి కొనుగోలు, అమ్మకం లేదు. ఆ ఏడాది మహేలే పేరుతో భూమిని రాజు, దొరలు, ప్రభుత్వం మధ్య పంచారు. సాగుచేసే సామాన్యులు 1850 చట్టం కింద విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, సర్వే చేయించుకోవాలి, సాక్షుల్ని తేవాలి. చివరికి వారి చేతికి వచ్చింది మొత్తం భూమిలో ఒక శాతం లోపే. అదే 1850లో విదేశీయులు భూమి కొనుక్కోవచ్చని ఇంకో చట్టం వచ్చింది. చక్కెర తోటల యజమానులకు తలుపులు తెరుచుకున్నాయి.

తర్వాతి వంతు రాజ్యానిది. 1887లో తోటల యజమానుల మనుషులు తుపాకుల బలంతో రాజు చేత కొత్త రాజ్యాంగం మీద సంతకం పెట్టించారు. 1893 జనవరి 17న అమెరికా సైనికులు ఒడ్డున నిలబడి ఉండగా రాణి లిలియుఓకలానిని గద్దె దించారు. 1897లో విలీనాన్ని వ్యతిరేకిస్తూ 21 వేల మందికి పైగా హవాయియన్లు సంతకాలు చేశారు. మొత్తం జాతి జనాభాలో అది సగానికి పైగా. విలీన ఒప్పందం సెనేట్‌లో వీగిపోయింది. అయినా 1898లో మామూలు తీర్మానంతో అమెరికా దీవుల్ని కలిపేసుకుంది. సుమారు 18 లక్షల ఎకరాల రాజ్య భూములు కూడా దాంతోపాటే పోయాయి.

1921లో అమెరికా కాంగ్రెస్ సుమారు 2 లక్షల ఎకరాలు హవాయియన్ల ఇళ్లకు, సాగుకు కేటాయించింది. ఏడాదికి ఒక డాలర్ చొప్పున 99 ఏళ్ల లీజు. చెరకు పండే మంచి భూములను మాత్రం ఇందులోంచి తప్పించారు. పైగా దరఖాస్తుదారులో కనీసం సగం హవాయి రక్తం ఉండాలన్నారు. అంతకన్నా చాలా తక్కువ శాతం చాలని ప్రిన్స్ కూహియో వాదించినా చక్కెర కంపెనీల మాటే నెగ్గింది. ఈ షరతు వల్ల తరం మారేకొద్దీ అర్హులు తగ్గిపోతారు. వందేళ్లు దాటినా లీజులు దక్కినవారు దాదాపు 10 వేలు, నిరీక్షణ జాబితాలో 28 వేల పైచిలుకు. జాబితాలో ఉండగానే చనిపోయినవారు 2 వేలకు పైనే. ఈ ఆలస్యం మీద 1999లో వేసిన దావా 2022లో 32.8 కోట్ల డాలర్ల పరిహారంతో ముగిసింది.

ఒక డాలర్ లీజు సైన్యానికి కూడా ఉంది. పోహాకులోవాలో సుమారు 23 వేల ఎకరాల ప్రభుత్వ భూమిని 1964లో 65 ఏళ్లకు కలిపి ఒక్క డాలర్‌కు సైన్యానికి ఇచ్చారు. సైన్యానికి నిరీక్షణ జాబితా లేదు.

లూసియానాలో కథ ఇంకోలా నడిచింది. అప్పటి పాలకులైన స్పెయిన్‌కు నమ్మకమైన సాగుదారులు కావాలి. నిర్వాసితులై వచ్చిన అకాడియన్లకు నదుల గట్ల మీద భూములు ఇచ్చారు. ఆ నేల చిటిమాచా, హౌమా వంటి మూలవాసులది. ఎక్కువమంది కేజన్లు చిన్న రైతులుగా, జాలర్లుగా, వేటగాళ్లుగా మిగిలారు. కొందరు బానిసల్ని కొని చెరకు తోటల యజమానులయ్యారు. 1843లో గవర్నరైన అలెగ్జాండర్ మూటన్ అకాడియన్ వంశీకుడు, బానిసల యజమాని. 1861లో బానిసత్వాన్ని కాపాడుకోవడానికి లూసియానా అమెరికా నుంచి విడిపోవాలని తీర్మానించిన సభకు ఆయనే అధ్యక్షుడు. ఇల్లు పోగొట్టుకుని వచ్చినవారి సంతానం మూడు తరాలు తిరిగేసరికి అక్కడికి చేరింది.

చెరకు తోటల్లో ఎవరి చెమట?

రెండు చోట్లా సంపద చెరకు నుంచి వచ్చింది. హవాయి తోటల యజమానులు చైనా, జపాన్, పోర్చుగల్, ఫిలిప్పీన్స్ నుంచి ఒప్పంద కూలీలను తెచ్చారు. ఒకే పనికి జాతిని బట్టి వేర్వేరు కూలీ, వేర్వేరు లైన్లలో ఇళ్లు. 1909లో జపాన్ కూలీలు సమాన కూలీ కోసం సమ్మె చేస్తే, దాన్ని విరవడానికి వేరే జాతుల కూలీలను దింపారు. 1920లో ఫిలిప్పీన్స్, జపాన్ కూలీలు కలిసి సమ్మె చేశారు. 1946లో అన్ని జాతుల కూలీలూ ఒకే యూనియన్ కింద సమ్మె చేసి గెలిచారు. మెట్ల మధ్య గోడ కూలితేనే గెలుపు వచ్చిందని ఆ చరిత్ర చెబుతోంది.

లూసియానాలో ఆ గోడ కూలలేదు. 1887 నవంబరులో కేజన్ల ప్రాంతమైన లఫూర్ష్ చుట్టుపక్కల సుమారు 10 వేల మంది చెరకు కూలీలు సమ్మె కట్టారు. వారిలో అత్యధికులు నల్లవారు. రోజుకు డాలర్ పావు కూలీ కావాలి, తోట దుకాణంలో మాత్రమే చెల్లే చీటీలు కాకుండా నగదు కావాలి అన్నది వారి డిమాండ్. తిబొడో పట్టణంలో తెల్ల సాయుధ మూకలు నల్ల కూలీలను పదుల సంఖ్యలో చంపేశాయి. కేజన్ పేదలకూ ఆ నల్ల కూలీలకూ బతుకులో పోలిక ఉంది. కానీ ఆ ఊచకోతను ఆపేందుకు ఆ పోలిక పనిచేయలేదు.

1898లో లూసియానా కొత్త రాజ్యాంగం చదువు, ఆస్తి షరతులు పెట్టి నల్లవారి ఓటు లాగేసుకుంది. 1867కు ముందు తండ్రో తాతో ఓటు వేసినవారికి మాత్రం ఆ షరతులు లేవు. చదువురాని కేజన్ రైతుకు ఆ కిటికీ తెరిచారు. నల్ల ఓటర్లు 1896లో లక్షా 30 వేలు, 1900 నాటికి 5,320. ఫ్రెంచ్ మాట్లాడే నల్ల క్రియోల్ ప్రజలది కేజన్ల భాషే, కేజన్ల ఊరే. అయినా చట్టం దృష్టిలో వారి మెట్టు వేరు.

భాష

హవాయి భాషలో మొదటి పత్రిక 1834లో వచ్చింది. ఆ తర్వాత వందేళ్లలో దాదాపు వంద పత్రికలు వెలువడ్డాయి. 1896లో బడి మాధ్యమంగా ఇంగ్లీషునే తప్పనిసరి చేశారు. 1980ల మొదటికి హవాయి భాష మాట్లాడే పిల్లలు 50 మంది కూడా లేరు. 1978లో దాన్ని రాష్ట్ర అధికార భాషగా గుర్తించారు. 1984లో తల్లిదండ్రులు పూనానా లెయో, అంటే "భాషా గూడు" పేరుతో శిశు బడులు మొదలుపెట్టారు. 1987 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ హవాయి మాధ్యమం వచ్చింది.

లూసియానాలో 1921 రాజ్యాంగం ఇంగ్లీషునే బడి భాష చేసింది. "బడిలో ఫ్రెంచ్ మాట్లాడను" అని వందలసార్లు రాయించడం, మోకాళ్ల మీద కూర్చోబెట్టడం ఒక తరం కేజన్లకు బాగా గుర్తు. ఆ తరం తమ పిల్లలకు భాష నేర్పలేదు. 1968లో ఫ్రెంచ్ భాషాభివృద్ధికి ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. ఫ్రెంచ్ మాధ్యమ తరగతులు నడుస్తున్నా ఇళ్లలో భాష తగ్గుతూనే ఉంది. నాలుగు అంశాల్లో ఇద్దరి గాయమూ దగ్గరగా కనిపించేది ఇక్కడే.

కోర్టు మెట్ల మీద

ఒక కేజన్ ఉద్యోగి, పై అధికారులు తన జాతిని తిడుతున్నారని దావా వేశాడు. 1964 పౌరహక్కుల చట్టం కింద కేజన్లకూ రక్షణ ఉందని 1980లో ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. నల్లజాతి ఉద్యమం రక్తంతో సాధించిన చట్టం అది.

2000లో ఇంకో కేసు. హవాయియన్ల వ్యవహారాల సంస్థకు ట్రస్టీలను హవాయియన్లే ఎన్నుకోవాలన్న నియమాన్ని ఒక తెల్ల పశువుల ఆసామి సవాలు చేశాడు. ఆ నియమం జాతి వివక్షేనంటూ సుప్రీంకోర్టు కొట్టేసింది. అందుకు వాడిన పదిహేనో సవరణ 1870లో వచ్చింది, విముక్తులైన బానిసల ఓటు హక్కు కోసం. ప్రత్యేక రక్షణలను "సమానత్వం" పేరుతో కూల్చే వాదన మన రిజర్వేషన్ కేసుల్లో విన్నవారికి ఈ తీర్పు కొత్తగా అనిపించదు.

ఇవాళ్టి బతుకు

2020 జనగణనలో పూర్తిగానో పాక్షికంగానో హవాయి మూలవాసులమని చెప్పుకున్నవారు సుమారు 6 లక్షల 80 వేలు. వారిలో సగానికి పైగా హవాయిలో లేరు. ఓవాహు దీవిలో ఒక మధ్యస్థపు ఇంటి ధర 10 లక్షల డాలర్లు దాటింది. టూరిస్టులు దిగుతున్న దీవి నుంచి సొంత బిడ్డలు విమానం ఎక్కి వెళ్లిపోతున్నారు. హవాయియన్ల వ్యవహారాల సంస్థ 2010 నివేదిక ప్రకారం జనాభాలో వారు 24 శాతం, జైళ్లలో 39 శాతం. ఆయుర్దాయమూ రాష్ట్ర సగటు కంటే తక్కువే. 2023 ఆగస్టులో లహైనా పట్టణం కాలి వందమందికి పైగా చనిపోయినప్పుడు మంటలకు ఇంధనమైంది, వదిలేసిన తోట భూముల్లో పెరిగిన ఎండుగడ్డి.

కేజన్ల ఆర్థిక జీవితాన్ని చమురు మార్చింది. చమురు ఉద్యోగాలు చాలా కుటుంబాలను మధ్యతరగతికి చేర్చాయి. 1980లలో ధరలు కూలగానే వేలమంది రోడ్డున పడ్డారు. చమురు కోసం తవ్విన కాలువలు, నదికి కట్టిన కరకట్టలు కలిసి తీరాన్ని తినేస్తున్నాయి. 1930ల నుంచి లూసియానా పోగొట్టుకున్న నేల సుమారు 2 వేల చదరపు మైళ్లు. 2010 చమురు లీకు రొయ్యల వేటను దెబ్బతీసింది. 2021 ఐడా తుఫాను ఇళ్లను కూల్చింది. అయినా గవర్నర్ పదవి దాకా కేజన్లకు దారి ఉంది. ఎడ్విన్ ఎడ్వర్డ్స్, కేథ్లీన్ బ్లాంకో అలా వచ్చినవారే.

ఒకప్పుడు "అకాడియన్ తీరం" అని పిలిచిన సెయింట్ జేమ్స్ ప్రాంతం ఇప్పుడు పెట్రోకెమికల్ ఫ్యాక్టరీల మధ్య ఉంది. ఆ పొగ పీల్చే వాడల్లో ఎక్కువగా ఉన్నది నల్లవారు. అక్కడ పెద్ద ప్లాస్టిక్ ఫ్యాక్టరీకి ఎదురు నిలిచిన షారన్ లవీన్ 2021లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి అందుకున్నారు.

క్షమాపణలు, ఆ తర్వాత

1993లో అమెరికా కాంగ్రెస్ రాణిని కూలదోసినందుకు హవాయియన్లకు క్షమాపణ చెప్పింది. 2009లో సుప్రీంకోర్టు ఆ క్షమాపణ వల్ల రాజ్య భూముల మీద ఏ హక్కూ రాదని తేల్చింది. 2003లో బ్రిటిష్ రాణి పేరిట వచ్చిన ప్రకటన అకాడియన్ల బహిష్కరణను అంగీకరించింది, చట్టపరమైన, ఆర్థికపరమైన బాధ్యత లేదని కూడా చెప్పింది. రెండూ భూమి అంచు దగ్గరే ఆగిపోయాయి.

ఈ పోలిక నుంచి ఉద్యమకారులకు, విద్యార్థులకు మేము చెప్పదలచింది ఇది. ఏ సమాజం గురించి చదివినా దాని బాధను తక్కువ చేయకండి. కేజన్ పిల్లవాడి అవమానం నిజం. హవాయి పిల్లదాని అవమానమూ నిజం. తర్వాత అడగండి: భూమి ఎవరి పేరున ఉంది? ఓటు ఎవరికి మిగిలింది? కూలీ ఎవరికి ఎంత? వీళ్ల కింద ఇంకెవరున్నారు? చిటిమాచా మూలవాసి, తిబొడో కూలీ, కౌవా కుటుంబం ఆ చివరి ప్రశ్న అడిగినప్పుడే కనిపిస్తారు. మన ఊళ్ల చరిత్ర రాసేటప్పుడు కూడా ఆ ప్రశ్న వదలకూడదు.