ఊపిరి ఆగిన 6-71

బస్సులు బతికున్నంత కాలం అమెరికా తుక్కు యార్డుల్లో 6-71 బ్లోయరుకు కరువు లేదు. ఇంజను చచ్చిన బస్సు నుంచి విప్పుకోవడం, కారు ఇంజను నెత్తిన బిగించుకోవడం. పందేల పిచ్చి ఉన్న కుర్రాళ్లకు ఇంజనులోకి అదనపు గాలి కుక్కే సూపర్‌చార్జర్ అంటే అదే. కొత్తది కొనే ఊసే లేదు.

దాని పుట్టుక పందేల కోసం కాదు. జనరల్ మోటార్స్ 1938లో 71 సిరీస్ డీజిల్ ఇంజన్లు తెచ్చింది. ఒక్కో సిలిండరు 71 ఘనపు అంగుళాలు, ఆరు సిలిండర్లుంటే 6-71. టూ స్ట్రోక్ కాబట్టి పిస్టన్ తనంతట తాను గాలి పీల్చుకోలేదు, ఎవరో ఒకరు ఊదాలి. ఆ పని పక్కన బిగించిన అల్యూమినియం పెట్టెది, అదే బ్లోయరు. లోపల మెలితిరిగిన మూడేసి రెక్కల రోటర్లు రెండు. అవి ఒకదాన్నొకటి తాకకుండా కాసేవి చివరనున్న గేర్లు. ఈ రకం యంత్రానికి ఇండియానాలో రూట్స్ సోదరులు 1860లోనే పేటెంట్ తీసుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని ఒడ్డుకు దించిన హిగ్గిన్స్ పడవల్లో చాలావాటిని నడిపింది 6-71 ఇంజనే. ఎం4ఏ2 షెర్మన్ ట్యాంకుకు రెండేసి. ఆ తర్వాత లారీలు, సిటీ బస్సులు. దాని అరుపు విని డ్రైవర్లు ‘స్క్రీమింగ్ జిమ్మీ’ అన్నారు. నూనె కారడంలోనూ అది అంతే పేరుమోసింది లెండి.

యుద్ధం ముగిసిన కొన్నేళ్లకే కాలిఫోర్నియాలో కార్ల పందేల మనిషి బార్నీ నవారో ఈ కుటుంబంలోని చిన్నది, 3-71 బ్లోయరును, ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ ఇంజను మీద కూర్చోబెట్టాడు. ఇక దారి తెరుచుకుంది.

చావు మాత్రం కాగితాల మీద వచ్చింది. పొగ నిబంధనలు బిగిశాయి. నూనె తాగే టూ స్ట్రోక్ వాటికి తట్టుకోలేకపోయింది. 1987లో ఫోర్ స్ట్రోక్ సిరీస్ 60 వచ్చాక, 1990లలో కొత్త బండ్లలో 71 పని ముగిసింది. యార్డులకు పాత బస్సులు రావడం తగ్గింది. మిగిలిన బ్లోయర్లే చేతులు మారుతూ, మళ్లీ మళ్లీ రీబిల్ట్ అవుతూ వచ్చాయి.

అక్కడే అసలు పతనం. వేడికి రోటరు ఉబ్బి గోడను గీస్తుంది. గీత పోవాలంటే బోరింగ్ చేయాలి. బోరు పెరిగితే సందు పెరుగుతుంది, ఊదిన గాలి వెనక్కి జారుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. బేరింగులు, సీళ్లు మార్చి, పెట్టెకు పాలిష్ కొట్టి ‘రీబిల్ట్’ అని అమ్మితే పైన పటారం, లోన లొటారం. పైగా పందెం కారులో పెట్రోలు కలిసిన గాలి ఈ పెట్టెలోంచే పోతుంది. వెనక్కి మంట కొడితే పేలేది ఇదే.

ఇప్పుడు కార్ల కోసమే కొత్తగా చేసిన 71 తరహా బ్లోయర్లు దొరుకుతున్నాయి. బస్సు వాసన ఎరగనివి. ఆ పాత కాలం మీద నాకూ మక్కువే, కానీ తరచూ నడిపే బండికి కొత్తదే కొనమంటాను. పాతదే కావాలంటే మూత విప్పించండి, ఫీలర్ గేజి పెట్టించండి. రోటర్ల సందులు ఎంతెంత ఉన్నాయో రీబిల్డ్ చేసినవాడు రాసిచ్చాకే డబ్బు ఇవ్వండి.