తాతయ్య అంబాసిడర్, మూడు క్యామ్ బుష్‌లు

బీటెక్ మెకానికల్, చేసింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మన గుంటూరు వైపు వీధికొకడు దొరికే బ్యాచ్ నాది. ఇంజన్ మీద నిజంగా చెయ్యి పెట్టింది మాత్రం ఉద్యోగం మానేశాకే. ఈ రోజు ఆ ఇంజన్ కథ.

నరసరావుపేటలో మా తాతయ్యకి అంబాసిడర్ టాక్సీ ఉండేది. పత్తి బేరగాళ్ళని, మిర్చి యార్డుకెళ్ళే రైతుల్ని గుంటూరులో దింపి, సాయంత్రం మళ్ళీ తీసుకొచ్చేవాడు. నాన్న చదువు, అత్త పెళ్ళి అన్నీ ఆ బండి సంపాదనే. తాతయ్య పోయాక అది పదేళ్ళు కొట్టంలో పడుంది. "ఒక్కసారి స్టార్ట్ చెయ్యరా, ఆ సౌండ్ వినాలి" అంది నానమ్మ. సరే అని దిగాను.

ముందు కొంచెం హిస్టరీ. అంబాసిడర్ 1957లో బెంగాల్లోని ఉత్తరపారాలో మొదలైంది. అసలు డిజైన్ ఇంగ్లాండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీది. 1959 నుంచి 1489 సీసీ బీఎంసీ ఇంజన్ వచ్చింది. అదే కుటుంబం ఇంజన్ ఇంగ్లాండులో ఎంజీఏ స్పోర్ట్స్ కారుకీ వాడారు. అక్కడ ఇద్దరు కూర్చునే కారు, ఇక్కడ తొమ్మిదిమందిని ఎక్కించిన టాక్సీ! 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది.

ఇంజన్‌లో వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పేది క్యామ్ షాఫ్ట్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఇది ఒక చుట్టు తిరుగుతుంది. ఈ ఇంజన్‌లో దానికి మూడు బుష్‌లు, మూడూ మూడు సైజులు. షాఫ్ట్ దగ్గర కొలిస్తే ముందుది సుమారు 45.4 మిల్లీమీటర్లు, మధ్యది 43.9, వెనకది 41.2. ఎందుకంటే షాఫ్ట్‌ని ముందు నుంచే తోయాలి. వెనక భాగం ముందు బుష్‌లోంచి దూరి వెళ్ళాలిగా!

బుష్ బయట పల్చటి స్టీలు, లోపల వైట్ మెటల్ పూత. దీని మూలం 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ పేటెంట్ తీసుకున్న మెత్తటి లోహం. ఎక్కువగా తగరం, కొంచెం యాంటిమొనీ, రాగి. పాత రోజుల్లో కరిగించి నేరుగా పోసి, చేత్తో గీకి సైజుకి తెచ్చేవాళ్ళు. మెత్తటిది ఎందుకంటే, సన్నటి దుమ్ము ఆయిల్లో వస్తే పూతలో దిగబడిపోతుంది, షాఫ్ట్‌కి గీత పడదు. అరిగితే బుష్ పోతుంది, ఖరీదైన షాఫ్ట్ మిగులుతుంది.

ఇప్పుడు నా తప్పు. మొదటిసారి దగ్గర్లోని ఒక షెడ్డులో పని చేయించాను. బుష్‌లు సుత్తితో కొట్టి దించారు, నేను పక్కనే నిలబడి వీడియో తీసుకుంటున్నా. బండి స్టార్టయింది. పావుగంటకి పైనుంచి టకటకమని చప్పుడు. నానమ్మ అరుగు మీద నుంచే "ఇది మన బండి సౌండ్ కాదురా" అంది.

విప్పి చూస్తే వెనక బుష్ కొంచెం పక్కకి తిరిగి, ఆయిల్ రంధ్రం సగానికి పైగా మూసుకుపోయింది. పైన రాకర్ షాఫ్ట్‌కి ఆయిల్ వెళ్ళేది ఆ వెనక బుష్ దగ్గర నుంచే. వైట్ మెటల్ ముక్కలుగా లేచిపోయింది. దాచుకున్న డబ్బులు సగం పోయాయి.

రెండోసారి గుంటూరు ఆటోనగర్లో ఒక పెద్దాయన దగ్గరకెళ్ళా. ఆయన మొదటి మాట: "అబ్బాయ్, బుష్ కొనేముందు షాఫ్ట్ కొలిచావా?" మైక్రోమీటర్ పెట్టి మూడుచోట్లా కొలిచాడు. షాఫ్ట్ బాగుంది కాబట్టి స్టాండర్డ్ సైజు తెమ్మన్నాడు. ఆయిల్ దారులన్నీ కిరసనాయిలుతో కడిగించాడు. సుత్తి ముట్టుకోలేదు. పొడుగు బోల్టు, వాషర్లు పెట్టి ఒక్కో బుష్‌ని మెల్లగా లాగి కూర్చోబెట్టాడు. ప్రతి రంధ్రంలోంచి సన్నటి కడ్డీ దూర్చి, బ్లాక్‌లోకి సాఫీగా వెళ్తుందో లేదో చూశాడు. తర్వాత మూడింటినీ ఒకే లైన్లో రీమింగ్ చేశాడు. విడివిడిగా చేస్తే షాఫ్ట్ పట్టేస్తుంది. ఉండాల్సిన ఖాళీ ఒకటి నుంచి రెండు థౌ, అంటే 0.025 నుంచి 0.05 మిల్లీమీటర్లు. చివరికి ఆయిల్ రాసి షాఫ్ట్ దించి, "నువ్వే తిప్పు" అన్నాడు. రెండు వేళ్ళతో తిరిగింది.

కొట్టంలోంచి బండి బయటికొచ్చిన రోజు నానమ్మ ఏమీ అనలేదు. వచ్చి ముందు సీట్లో, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది. నేను కాసేపు ఇంజన్ ఆపలేదు.

తయారీ ఆగిపోయినా ఈ బండ్లు ఇంకా తిరుగుతున్నాయంటే, కొలవకుండా కొనని, చూడకుండా బిగించని ఇలాంటి చేతుల వల్లే. మీ ఇంట్లో కూడా ఇలాంటి బండి ఉంటే ఒక్క మాట: షెడ్డులో వీడియో తర్వాత తీయండి, ముందు రంధ్రం చూడండి. ఉంటానండి, మళ్ళీ కలుద్దాం.