నవ్వుకి బిల్లు ఎవరు కట్టారు?

మొన్న మా టీమ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. అత్తాకోడళ్ళ గొడవ. గోదారి యాస బాగానే పట్టుకున్నాడు, నేనూ పగలబడి నవ్వాను. తీరా చివరి ఐదు సెకన్లలో తెలిసింది, అది అప్పులిచ్చే యాప్ వాడి ప్రకటన అని. నవ్వినందుకు నాకే సిగ్గేసింది. జోకు బాగుంది, కాదనను. కానీ ఆ జోకు నాకోసం చెప్పింది కాదు, నన్ను గుమ్మం దాటించి లోపలికి లాగడానికి చెప్పింది.

అసలు హాస్యమూ ప్రకటనలూ కలిసి కాపురం పెట్టింది ఎప్పుడా అని వెతుక్కుంటూ పోతే, నూటయాభై ఏళ్ళ క్రితం న్యూయార్కులో ఒక కొస దొరికింది. రెండో కొస మా రాజమండ్రిలోనే ఉంది. రెండూ మొదలైన ఏడు ఒకటే: 1876.

ముందు అమెరికా సంగతి. వియన్నా నుంచి వలసొచ్చిన జోసెఫ్ కెప్లర్ అనే కార్టూనిస్టు 1876లో న్యూయార్కులో 'పక్' అనే హాస్య వారపత్రిక పెట్టాడు. మొదట జర్మన్ భాషలో, మరుసటేడు ఇంగ్లీషులో. రంగుల బొమ్మల్లో రాజకీయ నాయకుల్ని ఉతికి ఆరేసేవాళ్ళు. 1884 అధ్యక్ష ఎన్నికల్లో జేమ్స్ బ్లెయిన్ అనే అభ్యర్థి ఒంటినిండా ఆయన అవినీతి కథలన్నీ పచ్చబొట్లుగా పొడిచినట్టు వేసిన బొమ్మ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు కూడా. 1881లో 'జడ్జ్', 1883లో 'లైఫ్' వచ్చాయి.

అదే సమయంలో ఇంకో పక్క ఇంకో పని జరుగుతోంది. 1879లో వచ్చిన తపాలా చట్టం పత్రికల్ని చవగ్గా పంపుకోవడానికి వీలు కల్పించింది. రైళ్ళు దేశమంతా అల్లుకున్నాయి. ఒక ఊళ్ళో తయారైన సబ్బు వెయ్యి మైళ్ళ అవతల కొట్లో దొరుకుతోంది. కానీ ఆ సబ్బు పేరు అక్కడివాళ్ళకి తెలిసేదెలా? పత్రికలే దిక్కు. 1893 అక్టోబరులో ఫ్రాంక్ మన్సీ తన మాసపత్రిక ధరని 25 సెంట్ల నుంచి ఒక్కసారిగా 10 సెంట్లకి దించేశాడు. పాఠకుడి దగ్గర తగ్గినదాన్ని ప్రకటనలిచ్చేవాళ్ళ దగ్గర రాబట్టుకున్నాడు. అంటే అప్పటిదాకా పాఠకుడికి పత్రిక అమ్మినవాళ్ళు, అక్కణ్ణుంచి సబ్బు కంపెనీకి పాఠకుణ్ణి అమ్మడం మొదలుపెట్టారు. మనం కాణీ ఖర్చు లేకుండా వాడుకునే ఈమెయిళ్ళూ, వీడియోలూ, మ్యాపులూ అన్నీ ఈ పదిసెంట్ల పత్రికకి మునిమనవలే.

ఈ మార్పులో హాస్యానికి ఏమైందో చెప్పే కథ ఒకటుంది. ఇది లండన్‌ది. 1884లో 'పంచ్' పత్రికలో హ్యారీ ఫర్నిస్ ఒక కార్టూన్ వేశాడు. స్నానం మొహం చూసి ఏళ్ళయిన దేశదిమ్మరి ఒకడు సబ్బు కంపెనీకి యోగ్యతాపత్రం రాస్తుంటాడు, రెండేళ్ళ కింద మీ సబ్బు వాడాను, ఆ తర్వాత మరే సబ్బూ ముట్టలేదు అని. పెద్దమనుషుల చేత పొగడ్తలు రాయించుకుని అచ్చేసుకునే కంపెనీల మీద వెటకారం అది. పియర్స్ సబ్బు కంపెనీ ఏం చేసిందో తెలుసా? కోర్టుకెళ్ళలేదు. ఆ బొమ్మ హక్కులు తీసుకుని తన ప్రకటనగా వాడుకుంది! వెక్కిరింపుని కొని, దానికే తమ లేబులు అంటించేశారు.

అది సరదా వైపు. రెండో వైపు అంత సరదా కాదు. అప్పటి అమెరికా ప్రకటనల్లో పెద్ద వాటా సర్వరోగ నివారిణి మందులది. ఆ కంపెనీలు పత్రికలతో రాసుకునే ఒప్పందాల్లో ఎర్ర సిరాతో ఒక షరతు ఉండేది. తమ మందులకి వ్యతిరేకంగా ఆ రాష్ట్రంలో చట్టమేదైనా వస్తే ఒప్పందం రద్దు అని. అంటే అలాంటి చట్టం రాకుండా చూసుకోవడం పత్రికవాడి పూచీ అన్నమాట. 1905లో 'కోలియర్స్' పత్రిక ఈ బండారం బయటపెట్టింది. బిల్లు కట్టేవాడు నోరు తెరిచి ఏమీ అనక్కర్లేదు, ఒప్పందంలో ఒక లైను చాలు.

సరే, ఇక మా ఊరికొద్దాం.

1874లో కందుకూరి వీరేశలింగం పంతులుగారికి 26 ఏళ్ళు. రాజమండ్రి పక్కనే ధవళేశ్వరంలో స్కూలు హెడ్మాస్టరు. ఆ అక్టోబరులో 'వివేకవర్ధని' మొదలుపెట్టారు. మొదట్లో అచ్చు మద్రాసులో. అప్పటికి రాజమండ్రికి రైలు లేదు, గోదారి మీద వంతెనా లేదు (అది 1900లో వచ్చింది). రాతప్రతి అంత దూరం వెళ్ళాలి, అచ్చయిన పత్రిక మళ్ళీ అంత దూరం రావాలి. ఇలా కుదరదని స్నేహితులతో కలిసి రాజమండ్రిలోనే అచ్చాపీసు పెట్టుకున్నారు. రాసేది ఆయనే, అచ్చు చూసుకునేది ఆయనే, చందాల కోసం తిరిగేదీ ఆయనే. దేశమంతా సరుకు అమ్మే కంపెనీలు తెలుగు పత్రికల వెంట పడే రోజులు కావవి. బడిపంతులు జీతం, నలుగురు స్నేహితులు, చందాదారులు - పెట్టుబడి అంతే.

ఇక హాస్యం ఎలా వచ్చిందంటే, తగవులోంచి వచ్చింది. మద్రాసులో కొక్కొండ వెంకటరత్నం పంతులుగారు 1871 నుంచి 'ఆంధ్రభాషాసంజీవని' నడుపుతున్నారు. మహాపండితుడు, సంప్రదాయ పక్షం. ఈయనేమో సంస్కరణ పక్షం. ఇద్దరికీ పత్రికల్లో యుద్ధం మొదలైంది. కొక్కొండవారు ఎదుటాయన 'వివేకవర్ధని'లో వివేకాన్ని తీసేసి 'హాస్యవర్ధని' అని ఒక అనుబంధం పెట్టారు. కందుకూరి ఊరుకుంటారా? వాళ్ళ 'సంజీవని'కి హాస్యం తగిలించి 'హాస్యసంజీవని' పెట్టారు. ఎదుటివాడి బ్లాగు పేరు కొట్టేసి వెక్కిరించే తెలివితేటలు మన తరానివే అనుకున్నాను ఇన్నాళ్ళూ :)

తెలుగులో మొదటి హాస్య పత్రికగా 'హాస్యసంజీవని'నే చెబుతారు. ఇందులోనే ప్రహసనాలు వచ్చాయి. 'బ్రాహ్మవివాహము' అని ఆయన పేరు పెడితే జనం దాన్ని 'పెద్దయ్యగారి పెళ్ళి' అన్నారు. కాటికి కాళ్ళు చాచిన ముసలాయన డబ్బిచ్చి పసిపిల్లని కొనుక్కునే కథ. 'వ్యవహారధర్మబోధిని'ని జనం 'ప్లీడరు నాటకం' అన్నారు. కోర్టు చుట్టూ అల్లుకున్న వకీళ్ళ మోసాలూ, తప్పుడు సాక్ష్యాలూ అందులో ఉన్నాయి. 1880లో దాన్ని తన విద్యార్థుల చేత ఆడించారు కూడా. మాటలు వాడుక భాషలో ఉంటాయి. ఉండాలి మరి, గ్రాంథికంలో లంచం అడిగితే ఎవడికి నవ్వొస్తుంది?

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. అప్పటి రాజమండ్రి ఎంత ఊరని! జిల్లా కోర్టున్న ఊరు. ఆ నాటకంలో ప్లీడర్ని చూసి నవ్వినవాడికి, మర్నాడు వీధిలో అలాంటి ప్లీడరే ఎదురుపడతాడు. పెద్దయ్యగారి లాంటి పెద్దమనిషి పక్కింట్లోనే ఉంటాడు. చందా కట్టాల్సింది వీళ్ళే, చందా మానేయగలిగిందీ వీళ్ళే. అయినా ఆయన రాశారు. ఆయన దగ్గర అమ్మకానికి సరుకేమీ లేదు. ఆ నవ్వుతో ఆయన పంచిపెట్టింది ఒక్కటే, సిగ్గు. పసిపిల్లని కొనుక్కోవడానికి సిగ్గుపడాలి, లంచం తినడానికి సిగ్గుపడాలి అని ఊరికి గుర్తుచేయడమే ఆ హాస్యం పని.

దానికి బిల్లు కూడా ఆయనకే వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు వెలి వేసింది. నవ్వినవాళ్ళందరూ వెంట నిలబడలేదు. చివరికి తన ఆస్తిని కూడా హితకారిణీ సమాజానికి రాసిచ్చేశారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ప్రకటనల డబ్బు పాపిష్టిది, సొంత డబ్బు పవిత్రమైనది అని తేల్చేస్తే అది మోసం. 'పక్' ప్రకటనలు వేసుకుంటూనే నాయకుల్ని కరిచింది. మన్సీ ధర తగ్గించబట్టే మామూలు సంసారాల్లోకి పత్రికలొచ్చాయి. ఇక్కడ చందాల మీద బతికిన పత్రికలు చదువుకున్న కొద్దిమందిని దాటి వెళ్ళడం కష్టమైంది. మూడో దారి కూడా ఉంది. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. దాని వెనక ఆనందగజపతి మహారాజు ఆదరణ ఉంది. పెద్దయ్యగారి పెళ్ళి మీద వచ్చిన నవ్వుకి రాజమండ్రిలో బడిపంతులు బిల్లు కడితే, అలాంటి పెళ్ళిళ్ళ మీదే నవ్వుకి విజయనగరంలో రాజుగారి అండ దొరికింది.

నాలుగో దారి నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. అదే ఏడు న్యూయార్కులో మన్సీ ధర తగ్గించాడు. సంగీత కచేరీల్లో ఊరికే నమూనాలు పంచి అలవాటు చేశారంటారు. 1908లో అక్కడే 'ఆంధ్రపత్రిక' వారపత్రిక పెట్టారు, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. అమెరికాలో మందు కంపెనీ ఎర్ర సిరాతో పత్రిక నోరు కట్టేస్తే, ఇక్కడ మందు అమ్మినాయన ఆ డబ్బుతో తెలుగువాళ్ళకి పత్రిక పెట్టాడు. సరుకు అదే, డబ్బు వెళ్ళిన దిక్కు వేరు.

ఆ వీడియో మీద కోపం ఇప్పుడు కాస్త తగ్గింది. ప్రకటన నవ్వించడం నేరమేం కాదు. కానీ నవ్వొచ్చిన ప్రతిసారీ ఒక ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకుంటున్నాను: దీనికి బిల్లు ఎవరు కట్టారు, సిగ్గుపడాల్సింది ఎవరు? మొన్నటి వీడియోకి అప్పుల యాప్ వాడు డబ్బు కట్టాడు, సిగ్గుపడింది నేను. పెద్దయ్యగారి పెళ్ళికి పంతులుగారు డబ్బు కట్టారు, సిగ్గుపడాల్సింది పెద్దయ్యగారు.